ఛైర్మన్ గారి మూడో చెయ్యి

ఆ బడిలో చరిత్ర చెప్పే టీచరమ్మకి పిల్లలు పెట్టిన పేరు రుజువమ్మ. ఎవరేం చెప్పినా "రుజువేదీ?" అంటుంది మరి. చివరికి ఆ మాటే వచ్చి ఆమె మెడకు చుట్టుకుంది.

సంగతేమిటంటే, బడికి యాభై ఏళ్ళు నిండాయి. రేపే సభ. మొదటి బ్యాచ్‌లో చదివిన పదిమందికి వేదిక మీద పది కుర్చీలు. పదకొండోది గంట కొట్టే పెద్దమ్మకి వెయ్యాలని రుజువమ్మ పట్టు. పెద్దమ్మా ఆ బ్యాచ్‌లోనే ఒక ఏడాది చదివింది. వాళ్ళ ఒంటి రంగు వేరనీ, యాస వేరనీ, అలాంటి పిల్ల పక్కన మా పిల్లలు కూర్చోరనీ కొందరు పెద్దలు గోల చేసి బడి మాన్పించేశారు. ఎంత గొప్ప పెద్దలో చూడండి.

"కుర్చీ లేకపోతే పోనీ అమ్మా," అంది పెద్దమ్మ. "నేనూ ఇక్కడ చదివానంటే మా మనవరాలే నమ్మట్లేదు. రుజువేదీ అంటోంది. మీ క్లాసు పిల్లే కదా."

అది విన్నప్పటి నుంచి రుజువమ్మకి కాలు నిలిస్తే ఒట్టు.

హెడ్మాస్టరు చెడ్డవాడేం కాదు, ఉత్త భయస్తుడు. "రిజిస్టర్లో పేరు లేదు, ఫోటోలో మొహం లేదు. నాలుగింటికి బడి కమిటీ ఛైర్మన్ గారు వస్తారు. ఈలోగా ఏదన్నా చూపించండి, కుర్చీ నేనే మోసుకొస్తా," అన్నాడు.

రుజువమ్మ రెండో పీరియడ్‌లో ఎనిమిదో తరగతిని వరండాలోకి తోలుకొచ్చి, మొదటి బ్యాచ్ ఫోటో ముందు నిలబెట్టింది. "ఇందులో ఏం కనబడుతోందో చెప్పండి. ఏం కనబడట్లేదో కూడా చెప్పండి."

బూట్లన్నారు, బొత్తాలన్నారు, ఒకడి ముక్కు బాగా లేదన్నారు. చివర పెద్దమ్మ మనవరాలు మెల్లిగా అడిగింది. "టీచర్, ఈ అబ్బాయికి మూడు చేతులేంటి?"

అందరూ మీద పడి చూశారు. నిజమే. వరస చివరి అబ్బాయి రెండు చేతులూ కట్టుకునే నిలబడ్డాడు. అయినా వాడి భుజం మీద నాలుగు వేళ్ళున్నాయి. వేళ్ళ వెనకాల మనిషి లేడు, ఫ్రేములోని తెల్ల అట్ట అంచు ఉంది. యాభై ఏళ్ళుగా అందరూ ఆ ఫోటో ముందు నుంచే నడిచారు, ఒక్కరూ చేతులు లెక్కపెట్టలేదు. కింద పేర్లు చూస్తే, ఆ మూడు చేతులాయన ఇప్పటి ఛైర్మన్ గారే. ఇంకేముంది, పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మధ్యాహ్నానికి కబురు ఒకటో తరగతిదాకా పాకింది. ఆయన మూడు చేతులతోనూ అన్నం తింటారా అని అక్కడ పెద్ద చర్చ.

భోజనాల వేళ ఫోటో చంకన పెట్టుకుని రుజువమ్మ బయల్దేరింది. వెనక ముప్ఫైమంది పిల్లలు. వెనక వీధిలో ఫ్రేములు కట్టే ఆయన ఈ దండును చూసి కొట్టు మూసేద్దామనుకున్నాడు పాపం.

ఫ్రేము తిప్పి చూడగానే ఆయన మొహం వెలిగింది. "ఇది మా నాన్న పని. అట్ట వెనక ఏదో ఒకటి ఉండే ఉంటుందండీ. ఎవరెంత చెప్పినా ఆయన ఫోటో కొయ్యడు, మడిచి లోపల పెడతాడు. రేపు మళ్ళీ కావాలంటే ఎక్కణ్ణుంచి తెస్తాం అనేవాడు."

మేకులు పీకాడు. అద్దం తీశాడు, అట్ట తీశాడు. వెనక పెన్సిల్‌తో రాసి ఉంది: 'ఈ చివర కనబడకూడదన్నారు. మడిచాను, కొయ్యలేదు.'

మడత విప్పాడు. పక్కవాడి భుజం మీద చెయ్యేసి, ముందు పన్ను లేని నోటితో ఒక పిల్ల పకపకా నవ్వుతోంది.

మనవరాలు చాలాసేపు చూసింది. "అమ్మమ్మ చెవులు," అంది. రుజువమ్మకి కళ్ళలో నీళ్ళూ నోట్లో నవ్వూ ఒకేసారి వచ్చాయి.

నాలుగింటికి ఫోటో ఛైర్మన్ గారి ముందు పెట్టారు. హెడ్మాస్టరు చెమటలు తుడుచుకుంటున్నాడు. ఛైర్మన్ గారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఫోటో రోజు నా చొక్కా భుజం మీద సుద్ద చేతి ముద్ర పడింది," అన్నారు. "ఎవరి చెయ్యని మా నాన్న అడిగాడు. నేను చెప్పేశాను. మర్నాటి నుంచి ఈ పిల్ల రాలేదు. నన్నడిగినవాళ్ళు లేరు, నేనూ ఎవరికీ చెప్పలేదు."

గంట కొట్టడానికి వచ్చిన పెద్దమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

"ఫోటో తీసేవాడు చెయ్యి దించమన్నాడు," అంది. "నేను దించలేదు."

"నువ్వు చదివావు అమ్మమ్మా," అంది మనవరాలు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

హెడ్మాస్టరు మాట తప్పలేదు, కుర్చీ కోసం పరుగెత్తాడు. "నా పక్కన వెయ్యండి," అన్నారు ఛైర్మన్ గారు. "రేపు ఈవిడ వేదిక మీద ఉంటే గంట నేను కొడతాను. ఇప్పుడే నేర్చుకోవాలి."

వరండాలో సుత్తి పట్టుకుని ఆయన కొట్టిన మొదటి దెబ్బ గంటకి తగల్లేదు, రెండోది వేలికి తగిలింది. ఒకటో తరగతి వాళ్ళు పరుగున వచ్చి ఆయన చేతులు లెక్కపెట్టారు. రెండే. ఉసూరుమన్నారు.

"సుత్తి అంత బిగించి పట్టుకోకు," అంటూ పెద్దమ్మ ఆయన వెనక నిలబడి భుజం మీద చెయ్యేసింది.

"మూడు!" అని అరిచాడొకడు.