పదకొండేళ్ల సాక్ష్యం

నాంపల్లి స్టేషన్ దగ్గర గల్లీలో ఫర్నిచర్‌కు పాలిష్ పెట్టే సాయన్నకు చర్చి రిజిస్టరులో పౌలు అని పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలకడు. ఆయన చెయ్యి పడిన బీరువాలో మొహం చూసుకుని మీసం దువ్వుకోవచ్చని హిమాయత్‌నగర్ దాకా పేరు. అంతకన్నా పెద్ద పేరు ఆబిడ్స్‌లోని వాళ్ల చర్చిలో ఉంది. సాయన్న సాక్ష్యం చెప్పడానికి లేచాడంటే చంకలో పిల్లలు కూడా ఏడుపు ఆపుతారు.

దేవుడు తనకు చేసిన మేలును సంఘం ముందు లేచి చెప్పుకోవడమే సాక్ష్యం. చెప్పుకోవడానికి సాయన్నకు నిజంగానే ఉంది. ఒకప్పుడు సారాకు పైసలు లేకపోతే, పాలిష్ లక్కను కరిగించే స్పిరిట్‌లోనే నీళ్లు కలుపుకుని తాగేవాడు. అది విషం. చూపు పోయి మూడు నెలలు దవాఖానలో పడున్నాడు. ఆ చీకట్లోనే ప్రార్థన నేర్చుకుని, చూపుతో పాటు కొత్త బతుకునూ తెచ్చుకున్నాడు. ఇదంతా జరిగి, 1963 నాటికి, పదకొండేళ్లు.

మొదట్లో ఈ సాక్ష్యం ఐదు నిమిషాల్లో అయిపోయేది. తాగుడు రెండు ముక్కలు, మిగతా అంతా ప్రభువు. అయితే, మనిషన్నవాడు వినేవాళ్లు దొరికితే ఊరుకుంటాడా? ఏటికేడు తాగుడు పెరిగింది, ప్రభువు తగ్గాడు. స్పిరిట్ ఏ పాళ్లలో పోసేవాడో, నీళ్లు తగలగానే గ్లాసులో ఎట్లా తెల్లబడేదో, మొదటి గుక్క గొంతులో ఎట్లా దిగేదో, చేతులు తిప్పుతూ చెప్పేవాడు. ఏళ్ల లెక్క మారడమే తప్ప, చివర మాత్రం ఒకటే మాట.

"పదకొండేండ్ల సంది ముక్కు కిందనే స్పిరిట్ పెట్టుకొని బతుకుతున్న. ఒక్కనాడు మనసు జర్రంత గూడ అటు పోలే!"

అందరూ "స్తోత్రం" అనేవాళ్లు. భార్య సమ్మక్క ఒక్కతే అనేది కాదు.

"గట్ల ఊరించి ఊరించి చెప్తవేందయ్యా? వింటుంటెనే నాకు బుగులైతది," అనేది ఇంటికొచ్చాక.

"నీకు విశ్వాసం తక్కువ," అని కొట్టిపారేసేవాడు.

ఆ ఏడు రాజనర్సు అని నలభై ఏళ్లవాడు తాగుడు మాని బాప్తిస్మం తీసుకున్నాడు. పని వెతుక్కుంటుంటే సాయన్న పిలిచి తన దగ్గరే పెట్టుకున్నాడు. గుంటూరు నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారు వద్దన్నారు కూడా. "మానేసి మూడు నెలలే అయిందండీ. అతణ్ణి ఏ వడ్రంగం పనిలోనో పెట్టించండి, స్పిరిట్ దగ్గరెందుకు?"

"నా పక్కన ఉంటే గట్టిపడ్తడు అయ్యగారూ, ఫికర్ చెయ్యకున్రి."

గట్టిపడటం మాట దేవుడెరుగు, రాజనర్సు వణుకుతూనే పని చేసేవాడు. ముక్కుకు తువ్వాలు బిగించుకుని, దూది ఉండను లక్కలో ముంచిన ప్రతిసారీ "ప్రభువా, కాపాడు" అని గొణుక్కునేవాడు. రోజుకు రెండు వందల సార్లు ముంచే పని అది. సాయన్నకు నవ్వొచ్చేది.

డిసెంబరులో చర్చి ఆవరణలో సువార్త కూటాలు పెట్టారు. ఆదివారం సాయంత్రం సాయన్న సాక్ష్యమని కరపత్రంలో అచ్చు వేశారు. ఆ ముందు మంగళవారం మధ్యాహ్నం ఓ వకీలు గారి బీరువాకు ఆఖరి పూత పడుతోంది. సాయన్న పీట మీద కూర్చుని, ఆదివారం చెప్పబోయేది రాజనర్సుకు వినిపించడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఎందుకో మాట భలే కుదిరింది. పాళ్లు చెప్పాడు, తెల్లబడటం చెప్పాడు, కళ్లు అరమోడ్చి మొదటి గుక్క దగ్గరికి వచ్చాడు. నోరు ఊరింది. అది మాట మహిమే అనుకున్నాడు.

చటుక్కున ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

"అన్నా, నీ చెయ్యి!" అన్నాడు రాజనర్సు.

సాయన్న కళ్లు తెరిచి చూసుకున్నాడు. చేతిలో గ్లాసు, పెదవికి జానెడు దూరంలో. గ్లాసులో తెల్లగా ఉంది. సీసా మూత తీసింది ఎప్పుడు? చెంబు ఒంపింది ఎప్పుడు? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. కానీ పాళ్లు మాత్రం సరిగ్గా పదకొండేళ్ల కిందటివే. ఒక్క చుక్క తేడా లేదు.

గ్లాసు కింద పెట్టబోతే వేళ్లు విడలేదు. రాజనర్సే ఒక్కొక్క వేలూ విప్పి, తీసుకుపోయి మోరీలో పారబోశాడు.

సాయన్న తన వేళ్ల వంకే చూసుకున్నాడు. చచ్చిందనుకున్నది చావలేదు. తన వేళ్లలోనే కూర్చుని, వారం వారం తన సాక్ష్యం వింటూ బలిసింది. మరి ఇన్నేళ్లు దాన్ని పట్టి ఉంచింది ఎవరు? తను కాదు, తను గొప్పలు చెప్పుకుంటూ నిద్రపోయాడు. తను నిద్రపోయిన ప్రతి పూటా ఎవరో మేలుకుని ఉన్నారు. నాలుగు వేల రోజులు! అంత కాపలా తన మీద ఉందని తలుచుకునేసరికి లక్క మరకల నేల మీదే సాగిలపడ్డాడు.

లేచాక అడిగాడు. "నువ్వెట్ల జూసినవ్‌రా?"

"నాకు భయమన్నా. సీసా మీదికెల్లి కన్ను తియ్య నేను. పొద్దుగాల సంది నా చెయ్యే రెండుసార్లు గటు పోయింది."

ఆదివారం షామియానా కిక్కిరిసింది. సాయన్న లేచాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. పాళ్లు చెప్పలేదు, చేతులు తిప్పలేదు. ఆడవాళ్ల వైపు సమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు వరసలో పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేరంతా బూడిదలో పోసుకుంటున్నాడని కొందరికి జాలేసింది.

"నేను తాగలే, నిజమే. గానీ తాగకుండ నిలిచింది మాత్రం నేను గాదు," అన్నాడు సాయన్న. "దేవుడు రాజనర్సు చెయ్యి పెట్టి ఆపిండు. తమ్మీ, జర లేచి నిలబడు. అందరు నిన్ను జూడాలె."

జనమంతా వెనక్కి తిరిగారు. రాజనర్సు చాప మీద ఇంకా ముడుచుకుపోయాడు. చేతులు జోడించాడు.

"నన్ను నిలబెట్టకన్నా, నీ కాళ్లు మొక్కుత. నిలబడితె నాకు గూడ నీకైనట్లనే అయితది."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అయ్యగారు పీఠం దిగి వచ్చి రాజనర్సు పక్కన నేల మీద కూర్చున్నారు. సాయన్న కూడా కూర్చున్నాడు.