ఆదివారం పొడి

మా ఆస్పత్రిలో నా ఉద్యోగం అడగడం. ఆపరేషనుకి చేరిన ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళి, ఇంట్లో ఏమేం మందులు మింగుతున్నారో అడగాలి. వాటిలో ఏది ఆపాలో, ఏది ఆపకూడదో, ఆపరేషన్లో ఇచ్చే మందులతో ఏది పడదో డాక్టర్లకి చెప్పాలి. దీన్ని క్లినికల్ ఫార్మసిస్టు అంటారు. ఇందుకోసం ఆరేళ్ళు చదివాను. గుడివాడలో మా వీధివాళ్ళు మాత్రం ఇప్పటికీ "ఏ మందుల షాపులో చేస్తున్నావే ఉమాశ్రీ" అనే అడుగుతారు. బందరులో మా ఆస్పత్రివాళ్ళు అంతకంటే నయమేమీ కాదు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఈ పేరుతో ఒక మనిషి ఉండాలన్నారు కాబట్టి నన్ను పెట్టుకున్నారు. తనిఖీ రోజున ముందు వరసలో కుర్చీ వేశారు. మర్నాటి నుంచి ఆ కుర్చీ కనబడలేదు.

అడగడం తేలికే, చెప్పించడమే కష్టం. బీపీ బిళ్ళ సంగతి, షుగరు బిళ్ళ సంగతి అందరూ చెప్తారు. నాటు మందు మాటెత్తితే నోళ్ళు మూతపడతాయి. మా వైపు నాటు మందు ఇచ్చే ప్రతివాడూ ఒకటే షరతు పెడతాడు. వాడుతున్నట్టు ఎవరికీ చెప్పకూడదు, చెబితే గుణం పోతుంది. ఈ షరతు కనిపెట్టినవాడెవడో మహా తెలివైనవాడు. నొప్పి తగ్గితే మందు గొప్పది, తగ్గకపోతే నువ్వు నోరు జారావు. హంసలదీవి నుంచి చేపల వేట మానుకుని వచ్చినవాడైనా, ఉయ్యూరు చెరుకు రైతైనా, సొంత పెళ్ళాం దగ్గర దాచలేని రహస్యాన్ని నా దగ్గర దాచేస్తారు.

ప్రభావతిగారు బంటుమిల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చారు. గడప దిగుతూ తూలి పడితే తుంటి ఎముక విరిగింది. ఆమాత్రానికే విరగాల్సిన ఎముక కాదు. ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది. చేతుల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడి, గాజు తగిలిన చోటల్లా కమిలి ఉంది. అలాంటి ముఖాలు నాకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ బిళ్ళలు మింగినవాళ్ళు అలా తయారవుతారు.

పక్కన కూర్చున్నది ఆమె భర్త శోభనాద్రిగారు. దివిసీమ నుంచి గుడివాడ దాకా ఆయన్ని ఎరగని కీళ్ళ నొప్పులవాళ్ళు తక్కువ. ప్రతి ఆదివారం పొద్దున్నే ఇంటి అరుగు మీద కూర్చుని పొడి ఇస్తారు. తాత నాటి మందు. పైసా పుచ్చుకోరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఆ పొడిని అందరికంటే ముందు మింగింది ఆ ఇంటి ఇల్లాలే.

"ఇంకేమైనా వాడుతున్నారా బాబాయిగారూ?"

"మా పొడి తప్ప ఇంకేం లేదమ్మాయ్. అది వేర్లూ ఆకులూ. దాంతో నీకు పనిలేదు."

"అందులో ఏమేం కలుస్తాయండీ?"

"అది చెప్పేదైతే మా తాతే చెప్పేవాడు."

ప్రభావతిగారి వైపు తిరిగాను. ఆవిడ భర్త ముఖం చూసి, "అంతేనమ్మా, ఇంకేం లేవు" అన్నారు.

కింద ఆఫీసులో సంతకం కావాలట అని ఆయన్ని పంపేశాను. అబద్ధమే, ఈ ఉద్యోగంలో అప్పుడప్పుడు తప్పదు. మంచం పక్కన కూర్చుని, ఆవిడకి తెలిసిన భాషలో చెప్పాను.

"అమ్మా, కాలవ నీళ్ళు ఏడాది పొడుగునా వస్తుంటే బోరు మోటారు సంగతి ఎవరూ పట్టించుకోరు కదా. అది తుప్పుపట్టి కూర్చుంటుంది. మన ఒంట్లోనూ అలాంటి మోటారు ఒకటి ఉంది. బయటి నుంచి బిళ్ళలు వస్తుంటే అది పని మానేస్తుంది. రేపు ఆపరేషన్లో ఒంటికి ఆ నీళ్ళు ఒక్కసారిగా చాలా కావాలి. మోటారు తిరగదు, కాలవ రాదు. బీపీ పడిపోతే మళ్ళీ లేపడం కష్టం. పొడిలో బిళ్ళలు కలుస్తున్నాయా?"

ఆవిడ తలుపు వైపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి చెప్పారు.

"మా మావగారి రోజుల్లో ఆ పొడికి ఎవరికీ తగ్గేది కాదమ్మా. ఆయన ధర్మమని ఇచ్చేవారు, వచ్చినవాళ్ళు మర్యాదకి పుచ్చుకునేవారు. ఈయన చేతికొచ్చేసరికి అరుగు మీద ఈగలు తోలుకోవడమే. ఎవరో తెల్ల బిళ్ళ నూరి కలపమన్నారు. ఆ ఆదివారం తీసుకెళ్ళిన ముసలావిడ పై ఆదివారం కర్ర లేకుండా వచ్చింది. ఇంక జనం చూడు. నూరేది నేనే. నా మోకాళ్ళకీ అదే." మళ్ళీ తనే అన్నారు. "మావాళ్ళ చెవిన పడనీకమ్మా. ఆయన తలెత్తుకు తిరిగేది ఆ పొడి వల్లే."

"డాక్టర్లకి తప్ప ఎవరికీ చెప్పనమ్మా" అన్నాను. ఆ మాట మీదే నిలబడ్డాను కూడా.

మత్తు డాక్టరు సుచిత్రగారు నేను చెప్పింది విని వెంటనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ రాశారు. ఆపరేషన్ మధ్యలో బీపీ ఒకసారి జారింది, సర్దుకుంది. ప్రభావతిగారు కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగారు. ఆ సాయంత్రం బస్సులో గుడివాడ వెళ్తూ నాలో నేనే నవ్వుకున్నాను. చదివిన ఆరేళ్ళకీ ఆ రోజు అర్థం కనిపించింది.

ఆపరేషన్ చేసిన డాక్టరు కాంతారావుగారు మర్నాడు రౌండ్స్‌కి వచ్చారు. గది నిండా బంధువులు. ఆయన చెయ్యి బంగారం, నోటికి మాత్రం మూత లేదు.

"ఏమండీ శోభనాద్రిగారూ, ఆదివారం పొడిలో మా ఇంగ్లీషు బిళ్ళలు కలిపేస్తున్నారట. మా ఉమాశ్రీ కూపీ లాగేసింది. మా పొట్ట కొడతారా ఏం" అని పెద్దగా నవ్వారు.

ఇంకెవరూ నవ్వలేదు. శోభనాద్రిగారు నన్ను చూశారు, తర్వాత భార్యని చూశారు.

"నువ్వు చెప్పావా?"

ప్రభావతిగారు దుప్పటి అంచు సర్దుకుంటూ, "నేనెందుకు చెప్తానండీ, ఆ అమ్మాయే ఏదో అనుకుంది" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ప్రాణం నిలబెట్టినందుకు దక్కిన బహుమానం ఇదా అనుకున్నాను. నేను ఎంత అబద్ధాలకోరునో ఆ గదిలోని చూపులన్నీ చెబుతున్నాయి.

"మూడు తరాల ధర్మానికి ఈ మాట పడ్డాక ఇంక పొడెందుకు? ఇవాళ్టితో సరి. ఇంట్లో ఉన్నదంతా కాలవలో పారబోయండి" అన్నారు శోభనాద్రిగారు. బంధువులు చేతులు పట్టుకుని బతిమాలినా వినలేదు. నోరా వీపుకు చేటు తేకే అంటారు. ఇక్కడ నోరు కాంతారావుగారిది, వీపు నాది. బంధువులు గొడవ చేస్తే, సాయంత్రానికల్లా ఆస్పత్రివాళ్ళు నన్ను కింద మందుల కౌంటర్లో కూర్చోమన్నారు. మా వీధివాళ్ళ ప్రశ్నకి ఇప్పుడు సరైన జవాబు దొరికింది.

ఇంటికి పంపే రోజున సుచిత్రగారు ప్రభావతిగారికి స్టెరాయిడ్ బిళ్ళలు రాశారు. కొద్దికొద్దిగా తగ్గిస్తూ చాలా కాలం వాడాలి, ఒక్కసారిగా ఆపకూడదు. ఆ మందులు ఇవ్వాల్సింది నేనే. శోభనాద్రిగారు సంచీలోవన్నీ చూసుకుని, ఆ ఒక్క బిళ్ళల అట్ట బయటికి తీసి కౌంటర్ మీద పెట్టారు.

"ఇది మాకక్కర్లేదు. మా ఇంట్లో ఎవరికీ ఇలాంటివి అలవాటు లేదు."

వెనక జనం ఉన్నారు. తలుపు దగ్గర చక్రాల కుర్చీలో ప్రభావతిగారు ఉన్నారు. ఆయన ఎందుకు వద్దంటున్నారో నాకు అర్థమైంది. ఆ బిళ్ళ తీసుకుంటే ఒప్పుకున్నట్టే. నాకు అప్పుడు పౌరుషం గుర్తు రాలేదు.

"బాబాయిగారూ, ఆ రోజు నేనే పొరపాటు పడ్డాను. మీ పొడిలో ఏమీ లేదు" అన్నాను అందరికీ వినబడేలా. "ఇది అది కాదండీ. ఎముక అతుక్కోవడానికి, బలానికి. ఆపరేషనైన వాళ్ళందరికీ ఇస్తాం."

ఆయన అట్ట చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. ఎన్నో ఏళ్ళుగా డబ్బాల కొద్దీ తెప్పించిన బిళ్ళ అది. చూడగానే గుర్తుపట్టారని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఒక్క క్షణం జేబులో వేసుకుంటారనుకున్నాను. అంతలో వెనక నుంచి బావమరిది, "ఏంటి బావా ఆలస్యం" అన్నాడు.

"బలానికి మా ఇంట్లో పాడి ఉందమ్మాయ్" అని అట్ట నా వైపు నెట్టేశారు.

నేను కౌంటర్ వదిలి చక్రాల కుర్చీ దగ్గరికి పరిగెత్తాను. ప్రభావతిగారి చేతిలో అట్ట పెట్టి, "అమ్మా, మోటారు తిరగదు, గుర్తుందిగా" అన్నాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆయన దగ్గరికి వచ్చేసరికి వదిలేశారు. అట్ట నా చేతిలోనే ఉండిపోయింది.

పై వారంలోనే ఆవిడ పోయారు. ఆ పక్క ఊరి నుంచే వచ్చే మా నర్సు సంతోషమ్మ చెప్పింది. వాంతులట, నీరసమట, కళ్ళు తెరవలేదట. ఊళ్ళో వైద్యుడు గ్లూకోజు ఎక్కించాడట. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, ఆపరేషనే చంపిందని ఊరంతా అంటున్నారట. కాంతారావుగారు అయ్యో అన్నారు. సుచిత్రగారు కుర్చీలో కూలబడిపోయారు. పైవాళ్ళకి పొడి సంగతి చెప్పాను. బందరు ఆస్పత్రికి బంటుమిల్లి అరుగుతో ఏం పని అన్నారు.

పెద్దకర్మ అయ్యాక పొడి మళ్ళీ మొదలైందని విన్నాను. నొప్పులు తిరగబెట్టి జనం వచ్చి కాళ్ళ మీద పడ్డారట. శోభనాద్రిగారు భార్య పేరున ధర్మం సాగిస్తానన్నారట. ఆదివారం గుడివాడలో బస్సెక్కి వెళ్ళాను. అందరి ముందూ అరిచి, ఆ మనిషి పరువు అరుగు మీద నుంచి ఈడ్చి ఆ పొడి ఆపించాలనే వెళ్ళాను.

చాలా పెద్ద వరస. అరుగు గోడకి ప్రభావతిగారి ఫోటో, దండ. లోపలి నుంచి కల్వంలో నూరుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడు కోడలు నూరుతోంది. వరసలో మనుషుల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ ముందుకి నడిచాను. గుండ్రటి ముఖాలు, కమిలిన చేతులు, పలచటి చర్మాలు. అందరివీ ప్రభావతిగారి ముఖాలే. పొడి ఆగిన ఆ ఆదివారాల్లో ఈ వరసలోంచి ఎవరు తగ్గిపోయారో నాకు తెలియదు. నేనిప్పుడు అరిస్తే ఇవాళే ఆపేస్తారు. ఆపేస్తే పై ఆదివారానికి ఇంకొందరు తగ్గుతారు. నోట్లోకి వచ్చిన తిట్లన్నీ మింగేసి, అరుగు మీద కూర్చున్న శోభనాద్రిగారి చెవి దగ్గర వంగాను.

"ఒక్కసారిగా ఆపకండి బాబాయిగారూ. మళ్ళీ అలా ఆపకండి."

పొడి ఆపొద్దని బతిమాలుకున్న ఫార్మసిస్టుని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆయన పొట్లం కడుతున్న చేతులు ఆగాయి. తలెత్తలేదు. చాలా మెల్లగా, నాకొక్కదానికే వినబడేలా అడిగారు.

"ఎంతెంత తగ్గించాలమ్మాయ్?"

ఈ మాట ఆ రోజు కౌంటర్ దగ్గర అడిగి ఉంటే లోపల నూరేది ప్రభావతిగారే అయ్యేది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"అందరికీ ఒకే లెక్క ఉండదండీ. ఎవరు ఎన్నాళ్ళ నుంచి మింగుతున్నారో ఒక్కొక్కరినీ అడగాలి. డాక్టరుకి చూపించాలి. ప్రతి ఆదివారం నేనొస్తాను, అడిగే పని నాది, ఊరికే చేస్తాను. ఏం మింగుతున్నారో మాత్రం మీరే చెప్పాలి. నేను చెబితే నమ్మరు, మీరు చెబితే నమ్ముతారు."

ఆయన వరస చివరిదాకా చూశారు. తర్వాత గోడ మీద ఫోటో వైపు చూశారు. చెబుతారనే అనుకున్నాను.

"చెబితే గుణం పోతుందమ్మాయ్" అని, కట్టిన పొట్లం చేత పట్టుకుని, "తర్వాత ఎవరండీ, రండి" అన్నారు.