గోడ మీద లేని చీటీ

ఆసుపత్రి లాండ్రీలో మురికి గది అని ఒకటుంది. వార్డుల నుంచి వచ్చే దుప్పట్ల మూటలు ముందు అక్కడికే చేరతాయి. వాటిని విప్పి, ఒక్కో దుప్పటినీ కొసలు పట్టుకుని దులిపి, మడతల్లో దాక్కున్న సూదులూ, నెత్తుటి దూదీ, కట్టుడు పళ్లూ, ఇంకా చెప్పుకుంటే అన్నం సయించని సరుకూ ఏరి పారేశాకే మెషీన్లో వెయ్యాలి. ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్నావిడని అందరూ దులుపుడక్క అంటారు. ఆవిడకి ముక్కు లేదని జోకులేస్తారు. ముక్కు బాగానే ఉంది. దాన్ని గుమ్మం బయటే వదిలి లోపలికెళ్లడం నేర్చుకుంది, అంతే.

పని వేగం పెంచాలని పైవాళ్లు ఒకాయన్ని పంపారు. ప్రతి పనినీ ఒక పసుపు చీటీ మీద రాసి, వరసగా గోడకంటించి, మధ్యలో బాణాలు గీసి, టైము ఎక్కడ వృథా అవుతోందో తేల్చడం ఆయన విద్య. బాణాల సారని పేరు పడింది. ఇస్త్రీ గదిలో గడియారం పట్టుకుని గంటలు గంటలు కూర్చున్న ఆ పెద్దమనిషి, మురికి గది దగ్గరికొచ్చేసరికి గుమ్మంలోనే ఆగిపోయాడు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, లోపలేం జరుగుతుందని సూపర్‌వైజర్ని అడిగాడు.

ఆ సూపర్‌వైజరు దులుపుడక్క తోడబుట్టిన తమ్ముడు. వాళ్లనీ వీళ్లనీ బతిమాలి ఆవిడే వాణ్ణి ఇక్కడ పెట్టించింది. తొమ్మిదేళ్లలో వాడూ ఆ గుమ్మం దాటిన పాపాన పోలేదు. మూటలు నేరుగా మెషీన్లోకి వెళ్తాయని చెప్పేశాడు. లోపల ఆ కంపులో నిలబడ్డది తన అక్కేనని సారుకి ఎక్కడ తెలిసిపోతుందోనని వాడి బాధ. సారు గోడకంటించిన ఆ చీటీల పటం కింద సరిచూశానని సంతకం కూడా గీకాడు.

గురువారం పొద్దున అందర్నీ పిలిచి, ఎవరి చీటీ కింద వాళ్లని నిలబడమన్నారు. ఉతికేవాళ్లు, ఆరేసేవాళ్లు, మడత పెట్టే ఆడపిల్లలు, అంతా సర్దుకున్నారు. దులుపుడక్క ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు నడిచింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. తమ్ముడు బూట్ల వంక చూసుకుంటున్నాడు.

మీరేం చేస్తారమ్మా అని సారు అడిగితే ఆవిడ ఏదీ దాచకుండా చెప్పింది. సగం మంది ముక్కులు మూసుకున్నారు. సారు శాంతంగా విని, పటంలో లేని పనికి మనిషి అక్కర్లేదని, సోమవారం నుంచి రానవసరం లేదని అన్నాడు. కావాలంటే సూపర్‌వైజరు చూసొచ్చి చీటీలు రాస్తే కలుపుతానన్నాడు.

అలా వాడు మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టాడు. రెండో మూట విప్పేసరికే మొహం తిప్పుకుని గోడ పట్టుకున్నాడు. ఆవిడ వాడి వీపు నిమిరింది. మూడో మూటలో దిండు గలీబు దులుపుతుంటే సూది రాలింది.

"ఇది ఏ పిల్ల అరచేతిలోనో దిగాల్సిందిరా. రాయి."

వాడు రాశాడు. మొత్తం పదకొండు చీటీలయ్యాయి. ఎంత చక్కగా రాశాడో అని ఆవిడ మురిసిపోయింది కూడా, పిచ్చిది.

సారు చీటీలు లెక్కపెట్టాడు. పందొమ్మిది నిమిషాలు పెరుగుతాయన్నాడు. తానెన్ని నిమిషాలు మిగిల్చిందీ ఇప్పటికే పైకి రాసి పంపేశానన్నాడు.

"సూపర్‌వైజర్ గారూ, సంతకం పెట్టి చెప్పింది నిజమా, ఇప్పుడు రాసింది నిజమా? ఇది నిజమైతే ఆ సంతకం సంగతి నేను రాయాల్సి ఉంటుంది."

వాడు అక్క వంక చూడలేదు.

"సంతకం పెట్టిందే నిజం సార్. ఇవి ఆవిడ చెప్తుంటే రాశాను."

పదకొండు చీటీలూ ఉండచుట్టి చెత్తబుట్టలో పడేశాడు. తర్వాత కుళాయి దగ్గరికెళ్లి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఒకసారి చాలక మళ్లీ కడుక్కున్నాడు. ఆవిడ చూస్తూ నిలబడింది. ఇరవై ఏళ్లుగా మనుషుల ఒంట్లోంచి వచ్చేదంతా ఎత్తిన చేతులు ఆవిడవి, ఒక్కనాడూ ఆవిడకి రోత పుట్టలేదు. ఇప్పుడు పుట్టింది.

ఆవిడ తిన్నగా మడత పెట్టే పిల్లల దగ్గరికి వెళ్లింది. సోమవారం నుంచి ఏ దుప్పటి మడతలోనూ చెయ్యి పెట్టొద్దని, ముందు కొసలు పట్టుకుని దులపమని చెప్పి, ఒక ఉతికిన దుప్పటి తీసి ఎలాగో చూపించింది. రెండోసారి దులపబోతుంటే తమ్ముడు చేతులు తుడుచుకుంటూ పక్కకొచ్చాడు. అక్కా, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం అని గొణిగాడు.

"కాస్త జరగండి సూపర్‌వైజర్ గారూ," అందావిడ. "వీళ్లకి పని నేర్పుతున్నాను. దులిపిందేదైనా మీ మీద పడుతుంది."