మరదలికి వేరే పొట్లం

వేవిళ్ళు మరదలికి, డోకులు మాత్రం ఆడబిడ్డ రస్మినాకు వచ్చాయి. అందుకు కారణం ఓ చిన్న పొట్లం.

రస్మినా ఇండోనేషియాలోని చిరెబోన్‌ ఊళ్ళో ఆడపిల్లల బడి ముందు గెజ్రోత్ అమ్ముతుంది. సోయా పాలు విరగ్గొట్టి, ఆ గడ్డల్ని కోసి నూనెలో పొంగిస్తే డొల్ల డొల్లగా తాహు ముక్కలొస్తాయి. మట్టిపళ్ళెంలో ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి కచ్చాపచ్చాగా నలిపి, ఆ ముక్కలు వేసి, పైన చింతపండు బెల్లం నీళ్ళు సీసాలోంచి జ్రోత్ జ్రోత్‌మని కుమ్మరించాలి. ఆ చప్పుడే తిండికి పేరైంది. పాలు విరగ్గొట్టడం వాళ్ళ తాత చీనా షావుకారు దగ్గర నేర్చుకుని, కావడి భుజాన వేసుకుని ఊరంతా తిరిగి అమ్మాడట. ఇప్పుడు తాత పొయ్యి తమ్ముడు కార్సిద్‌ది, అమ్మకం రస్మినాది. బడి ముందున్న మిగతా బళ్ళకూ సరుకు వేసేది అతనే.

ఆ మధ్యాహ్నం కార్సిద్ పెళ్ళాం తురీనా గెజ్రోత్ కావాలని మారాం చేసింది. వేవిళ్ళ కోరిక తీర్చకపోతే పుట్టిన బిడ్డకు చొంగ ఆగదని ఆ ఊళ్ళో గట్టి నమ్మకం. కబురు అందగానే రస్మినా బుట్టా పళ్ళెం ఎత్తుకుని తమ్ముడింటికి వచ్చేసింది.

"కారం ఎంత వెయ్యనే? నీ మొగుడి మొహం ఎర్రబడేంతా?"

"ఆయన మొహం ఎర్రబడ్డానికి మిరపకాయలు అక్కర్లేదొదినా. అన్నం ఆలస్యమైతే చాలు."

రస్మినా బుట్ట మీద గుడ్డ తీసిందో లేదో, కార్సిద్ పొయ్యి దగ్గర్నించి పరుగున వచ్చాడు.

"అక్కా, అందులోవి వద్దు. దీనికి వేరే తెచ్చాను. వంటింట్లో ఉన్నాయి."

"పొద్దున నువ్వే కదరా వేయించిచ్చావు."

"అవి అమ్మకానికి."

రస్మినా వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ అరటాకు పొట్లంలో పక్క ఊరి తాహు ఉంది. దాని మీద ఈగలు ముసురుతున్నాయి. తన బుట్ట మీద ఏనాడూ ఒక్క ఈగ వాలలేదు. అదంతా తన శుభ్రత అనుకుని మురిసిపోయిందామె. మిగిలిన ముక్కలు మర్నాటికీ పుల్లబడకపోతే తమ్ముడి చేతి చలవ అని పదిమందికీ చెప్పుకుంది. తాహు నానబెట్టే తొట్టి వెనక, గోనె కప్పిన డబ్బా ఒకటి కనిపించింది. మూత తీస్తే కళ్ళు భగ్గున మండాయి. డబ్బా మీద ఫార్మాలిన్ అని రాసుంది, ఆస్పత్రిలో శవాలు చెడకుండా పోసే మందు. పొద్దున తను రుచి చూసిన ముక్క గుర్తొచ్చి, పెరట్లో వంగి పేగులు బయటికొచ్చేలా కక్కింది. బాగుందని ఇంకో ముక్క కూడా తిన్నదాయె.

"ఎప్పట్నించిరా?" అంది మూతి తుడుచుకుంటూ.

"అందరూ వేసేదే అక్కా. ఎండాకాలం సరుకు పులిసిందని నా మొహాన కొట్టి పోలేదూ నువ్వు? ఇప్పుడు పులవట్లేదుగా. రవ్వంత వేస్తాను. ఎవరైనా చచ్చారా?"

"మరి నీ పెళ్ళానికి?"

"అది కడుపుతో ఉంది కదే."

"ఆ బళ్ళో పిల్లల్నీ ఎవరో కడుపుతో మోసే కన్నార్రా."

కార్సిద్ ఇకిలించాడు. వీడూ తనూ ఒకే తల్లి పాలు తాగామా అనుకుంటే ఆమెకు ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. తురీనా గోడకు ఆనుకుని అంతా వింది. పుట్టబోయే బిడ్డ ఏం పాపం చేసిందని, రస్మినా ఆ అరటాకు పొట్లంలో ముక్కలతోనే ఆమెకు కలిపి పెట్టింది. తన బుట్ట తీసుకెళ్ళి మురిక్కాలవలో బోర్లించింది.

మర్నాడు కాళ్ళాగక ఖాళీ బుట్టతోనే బడి ముందుకు వచ్చి కూర్చుంది.

"ఇవాళ లేదా పిన్నీ?" అన్నారు పిల్లలు.

"లేదమ్మా."

వాళ్ళు పక్క బండికి వెళ్ళారు. నోరు విప్పితే తాత పొయ్యి ఆరిపోతుంది, తమ్ముణ్ణి పోలీసులు పట్టుకుపోతారు, తన చేతి కూడు ఇంకెవరూ ముట్టరు. నోరు మూసుకుంటే ఆ పిల్లలు తింటారు. బండివాడు సీసా ఎత్తి పులుసు కుమ్మరిస్తున్నాడు. అప్పుడే ఒక పిల్ల ముక్క నోట్లో పెట్టుకుంది.

"తినకండమ్మా," అంటూ రస్మినా లేచింది. "అందులో శవాల మందుంది. కలిపింది నా తమ్ముడు."

బండివాడు బండబూతులు లంకించుకున్నాడు. పిల్లలు పళ్ళేలు కింద పెట్టేశారు. రోజూ ఆమె దగ్గర కారం ఎక్కువ వేయించుకునే ఆ పిల్ల మాత్రం దవడలో ముక్క అలాగే ఉంచుకుని అడిగింది.

"మరి నిన్న నువ్వు పెట్టింది పిన్నీ?"

"అదీ ఇదేనమ్మా."

ఆ పిల్ల నోట్లో ముక్క అరచేతిలోకి ఊసింది. దాన్ని ఎక్కడ పారెయ్యాలో తెలియక అటూ ఇటూ చూసి, తెచ్చి రస్మినా చేతిలో పెట్టింది.