ఆఖరి టైమవుట్

ఇరవై ఒక్క బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు అయ్యేసరికి పదిహేడు ఓడిపోయాం. మిగిలిన ఒక్కటీ గెలవకపోతే కోచ్‌ని పంపించేస్తానని టీమ్ యజమాని ముఖం మీదే చెప్పేశాడు. ఆ కోచ్ మా మావయ్య, అమ్మకు తమ్ముడు. బెంచీ చివర కూర్చుని ఫౌళ్లు, టైమవుట్లు రాసుకునే పని మేనకోడలినైన నాకు ఇప్పించింది ఆయనే.

ఆట ఆపించుకునే టైమవుట్‌లో మావయ్య ఒక్కడే మాట్లాడాలి. ఈ ఏడాది పెట్టిన నియమం అది. వరసగా ఓడుతుంటే ఆ ఒక్క నిమిషంలోనూ తప్పు నీదంటే నీదని ఆటగాళ్లు కొట్టుకునేంత పని చేసేవారు.

ఆ ఆఖరి మ్యాచ్‌లో ఇంకా నలభై సెకన్లుందనగా మేం ఒక పాయింటు ముందున్నాం. ఇంతలో కెప్టెన్ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. మావయ్య టైమవుట్ అడిగాడు. మాకు మిగిలిందల్లా అదొక్కటే.

"ఇక అన్నని వదినే ఎత్తుకుని తిప్పాలి" అన్నాడు మేం నిచ్చెన అని పిలిచే పొడుగాయన. మావయ్య చూసిన చూపుకి ఠక్కున నోరు మూశాడు.

డాక్టరు పట్టీ బిగించాడు.

"పరిగెత్తగలవా?" అన్నాడు మావయ్య.

"గెలిచాక కాలు తీసేసుకోండి సార్. ఇప్పుడు మాత్రం ఆడతా."

మావయ్య కళ్లు ఆ మోకాలి మీదే ఉండిపోయాయి. టైమవుట్లు అయిపోతే ఆ సంగతి రెండుసార్లు చెప్పందే ఎవర్నీ లేవనిచ్చేవాడు కాదు. ఇప్పుడూ చెప్తాడనుకున్నాను. కాగితం మీద మా టైమవుట్ల దగ్గర సున్నా చుట్టి, ఆయన నోటికేసి చూస్తూ కూర్చున్నాను. బజర్ మోగింది. అందరూ లేచి వెళ్లిపోయారు.

ఇంకా తొమ్మిది సెకన్లు. అవతలివాళ్లు ఇద్దరు కలిసి కెప్టెన్‌ని మూలకి నెట్టారు. అతను బంతిని గుండెలకి హత్తుకుని, రిఫరీ వైపు తిరిగి "టైమవుట్!" అని అరిచాడు.

లేని టైమవుట్ అడిగితే అవతలివాళ్లకి ఎవరూ అడ్డుకోకుండా వేసే ఒక ఫ్రీ త్రో, పైగా బంతి కూడా. ఫ్రీ త్రోతో సమమైంది. ఆ తర్వాత బంతి ఇంకోసారి బుట్టలో పడింది. అయిపోయింది.

డ్రెస్సింగ్ రూమ్‌లో కెప్టెన్ తువ్వాలు ముఖానికి కప్పుకున్నాడు. "టైమవుట్లు లేవని ఒక్కడైనా చెప్పలేదేంట్రా?"

"నేనే చెప్పలేదు" అన్నాడు మావయ్య.

ఆయన వెనకే వరండాలోకి వెళ్లాను.

"నాకు తెలుసు మావయ్యా. నువ్వు మర్చిపోతున్నావనీ తెలుసు. నోరు రాలేదు."

ఆయన గోడకి ఆనుకున్నాడు.

"మాట్లాడొద్దన్నది నేనేగా. ఈ సీజన్ మొత్తంలో నా మాట విన్నదానివి నువ్వొక్కదానివే."

నవ్వబోయాడు. సగంలో మూతి వంకరపోయింది.

అప్పటికే యజమాని పంపిన మేనేజరు జిమ్ తాళంచెవి కోసం వచ్చి నిలబడ్డాడు. మావయ్యకి తాళాల రింగు విడదీయడం రాలేదు. నేను అందుకుని, తాళంచెవి ఊడదీసి మేనేజరు చేతిలో పెట్టాను. ఆ పని మాత్రం ఎవరూ చెప్పకుండానే చేశాను.