గుడ్డ ఆరేదాకా

దుప్పటి ఉతకడానికి మిషనుంది, పిండడానికి మిషనుంది, ఆఖరికి ఇస్త్రీకీ మిషనొచ్చింది. మడత పెట్టడానికి మాత్రం ఇప్పటికీ ఇద్దరు మనుషులు కావాలి. ఎదురెదురుగా నిలబడి చెరో రెండు కొసలూ పట్టుకోవాలి. ఒక్క దులుపు దులిపి, దగ్గరికి నడిచొచ్చి, కొసలు ఎదుటివాళ్ల చేతిలో పెట్టి, కిందికి జారిన మడత అందుకుని మళ్లీ వెనక్కి వెళ్లాలి. మొహాలు మాడ్చుకున్నవాళ్లు చెయ్యగలిగే పని కాదిది. ఆసుపత్రి లాండ్రీలో ఎవరికి ఎవరితో మాటల్లేవో ఎవర్నీ అడగక్కర్లేదు, మడతలు చూస్తే చాలు తెలిసిపోతుంది.

పెద్దక్కకు జోడీ లేదు. గోడకు దిగ్గొట్టిన ఇనుప కొక్కెమే ఆవిడ జోడీ. దుప్పటి కొసలు రెండూ దానికి తగిలించి, ఇవతలి కొసలు తను పట్టుకుని, ఒక్కతే నడిచి వెళ్లి ఒక్కతే వెనక్కి వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు జాలిపడి "నేను పట్టనా పెద్దక్కా?" అంటారు. "నా కొక్కేనికి కోపమొస్తుందమ్మా, నీ పని చూసుకో," అంటుంది. పాతవాళ్లు మాత్రం అలా అడగరు. ఆ చోటు ఎవరిదో వాళ్లకు తెలుసు.

ఆ చోటు ఆవిడ తమ్ముడిది. వాణ్ణి లాండ్రీ అంతా గంజి అని పిలిచేది. ఉతికే మిషను దగ్గర నిలువునా తడిసేవాడైనా సరే, సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు గంజి పెట్టిన చొక్కా వేసుకోనిదే గడప దాటేవాడు కాదు. అమ్మానాన్నా పోయాక వాణ్ణి పెంచింది పెద్దక్కే. గుడ్డ పిండడం నేర్పిందీ ఆవిడే. మెలి తిప్పడం మణికట్టుతో కాదురా, భుజంతో అని పక్కన నిలబడి చూపించింది. మాట్లాడడం మాత్రం వాడికి ఎవరూ నేర్పలేదు. మేనేజరు ముందు అందరూ నీళ్లు నములుతుంటే వాడొక్కడే నోరు విప్పేవాడు. అందుకే యూనియన్ వాణ్ణి ఎంచుకుంది. ప్రతి నెలా అందరి జీతాల్లోంచి పార్టీ చందా తీసి, పార్టీని అడిగి టికెట్ ఇప్పించి, ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగి వాణ్ణి శాసనసభకు పంపించారు. గెలిచిన రోజు పెద్దక్క ఏడ్చినంత ఏడుపు వాళ్లమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఇప్పుడా గంజే సభలో చెయ్యెత్తాడు. ఆసుపత్రి లాండ్రీలన్నీ కంట్రాక్టర్లకు అప్పగించవచ్చని పార్టీ చట్టం తెచ్చింది. పార్టీ చెయ్యెత్తమంది, వీడు ఎత్తాడు. పేపర్లో ఫోటో కూడా వేశారు. ఎత్తిన చేతికి ఉన్న చొక్కా మడత నలగలేదని, ఇస్త్రీ మిషను నడిపే, లాండ్రీ అంతా ఇస్త్రీ వదిన అని పిలిచే ఆవిడ పళ్లు కొరికింది. ఆ తర్వాత గంజి అక్క ఇంటికి రాలేదు. వారానికోసారి భోజనానికి వచ్చేవాడు, అది కాస్తా మానేశాడు. పెద్దక్క మాత్రం ఆ రోజుకి వాడి కంచం కడిగి బల్ల మీద పెడుతూనే ఉంది. తిన్నా తినకపోయినా కంచం అక్కడుండాలని ఆవిడ పట్టుదల.

ఇక పార్టీ చందా సంగతి తేలాల్సి వచ్చింది. ఇస్తూ ఉందామా, వద్దా? ఓటు పెట్టారు.

ఆ యూనియన్‌లో ఓటంటే చీటీలు కాదు. పూర్వం లాండ్రీలో మీటింగ్ పెడితే పోలీసులొచ్చే రోజుల్లో, బట్టలారేసేవాళ్లు బట్టలారేస్తే ఎవడేం చేస్తాడని ముసలివాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. పెరట్లో రెండు తీగలున్నాయి. అవునంటే బాయిలర్ వైపు తీగ, కాదంటే గోడ వైపు తీగ. ఎవరి తలగుడ్డ వాళ్లు తడిపి, పిండి, తమకు నచ్చిన తీగ మీద వెయ్యాలి. గుడ్డలు ఆరాకే లెక్క. ఆరేలోపు ఎవరైనా మనసు మార్చుకుని గుడ్డ ఇటునుంచి అటు వేసుకోవచ్చు, తప్పు లేదు, ఎవరూ ఎద్దేవా చెయ్యకూడదు. తడి ఉన్నంతసేపూ మాట మారొచ్చని వాళ్ల నియమం. ఇంకోటి, అధ్యక్షురాలి గుడ్డ, అంటే ఇప్పుడు పెద్దక్కది, అందరికన్నా ఆఖర్న పడాలి. లేకపోతే జనం ఆవిణ్ణి చూసి వేస్తారని.

మధ్యాహ్నం మిషన్లు ఆపి అందరూ పెరట్లో చేరారు. ముందు బాయిలర్ మామ లేచాడు. ఆయన యూనియన్ పుట్టినప్పటి మనిషి, పార్టీ పేరెత్తితే కళ్లు చెమర్చే రకం.

"అమ్మాయిలూ, మీకు జబ్బు చేస్తే జీతంతో సెలవిస్తున్నారు. అది ఆకాశంలోంచి ఊడిపడిందా? మా రోజుల్లో మా అన్న చెయ్యి రోలర్లో పడితే మర్నాడు ఇంకోణ్ణి పెట్టుకున్నారు, అంతే. ఈ సెలవూ ఈ పరిహారమూ పార్టీ తెచ్చింది. ఒక్క తప్పు చేసిందని కన్నతల్లిని గెంటేస్తామా?"

ఇస్త్రీ వదిన ఊరుకునే మనిషా? "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య! ఏరు దాటించింది మనం మామా. మన చందాతో పోస్టర్లేసుకుని, మన పొట్ట మీదే కొడతారా? రాజకీయాలొద్దని నేననట్లేదు. చందా వసూలు చేద్దాం, మన దగ్గరే ఉంచుదాం. మన కోసం నిలబడినవాడు ఎవడైతే వాడికిద్దాం. ముందు పని, తర్వాత చందా."

"ఇవాళ వీడికీ రేపు వాడికీ ఇచ్చుకుంటూ పోతే మనల్ని ఎవడు నమ్ముతాడే?"

"ఇప్పుడు నమ్మి ఏం ఒరగబెట్టారు?"

పెద్దక్క ఇద్దరి మాటలూ విన్నది. ఇద్దరి మాటలూ నిజమే, అదే వచ్చిన చిక్కు. వేరే వాళ్ల తమ్ముడైతే ఆవిడ ఈపాటికి వాణ్ణి ఉతికి ఆరేసేది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. చందా ఆపితే మళ్లీ వాడికి టికెట్ రాదు. అది పోయినా పరవాలేదు. కానీ అక్కే నన్ను ముంచిందని వాడు ఇక గుమ్మం తొక్కకపోతే? ఆ కంచం ఇక ఎవరి కోసం కడగాలి? ఆవిడ భయమంతా ఆ ఒక్కదాని గురించే.

గుడ్డలు పడ్డాయి. ఒక్కొక్కరూ వేస్తుంటే రెండు తీగలూ ఒకేలా కుంగుతూ వచ్చాయి. ఇస్త్రీ వదిన రెండుసార్లు చూసి పెదవి విరిచింది. సరిసమానం. మిగిలింది పెద్దక్క గుడ్డ ఒక్కటే.

పెద్దక్క తలగుడ్డ విప్పి తొట్టిలో ముంచింది. తీసి నేరుగా బాయిలర్ వైపు తీగ మీద వేసింది. బాయిలర్ మామ "శెభాష్" అనబోయి నోరు మూసుకున్నాడు. గుడ్డ కింద నేల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆవిడ గుడ్డ పిండలేదు.

పుట్టి బుద్ధెరిగాక పెద్దక్క పిండని గుడ్డ తీగ మీద వెయ్యడం ఎవరూ చూడలేదు. చంటిపిల్లల గుడ్డైనా సరే, ఆవిడ పిండాక చుక్క రాలదు. మరిచిపోయిందని అనుకోవడానికి అక్కడున్నవాళ్లలో ఒక్కరూ వెర్రివాళ్లు కారు. ఓటు తమ్ముడికి వేసింది, కానీ అది తేలడానికి గడువు అడుగుతోందని అందరికీ అర్థమైంది. మిగతా గుడ్డలు గాలికి రెపరెపలాడుతున్నాయి. ఆవిడది మాత్రం తడి బరువుకి వేలాడుతోంది.

"ఆరనీండి," అంది ఇస్త్రీ వదిన, ఎప్పుడూ లేనంత మెత్తగా. "మనకేం తొందర? పదండి, వేడి దుప్పట్లొచ్చాయి."

అందరూ లోపలికెళ్లారు. మిషన్లు మళ్లీ మోగాయి. పెద్దక్క మడత బల్ల దగ్గర నిలబడి కొక్కేనికి కొసలు తగిలించి మడతలు మొదలెట్టింది. తెరిచున్న తలుపులోంచి పెరడు కనిపిస్తుంది. ఆవిడ నాలుగడుగులు వేసినప్పుడల్లా తలెత్తి తీగకేసి చూసింది. బాయిలర్ మామ కూడా చూశాడు. చూసి, ఎవరికీ చెప్పకుండా గేటు దగ్గరికెళ్లి ఫోన్ చేశాడు.

గంజి వచ్చాడు. కారు దిగి, ముందు తలుపు నుంచి కాకుండా పెరటి దారిన వచ్చాడు. తెల్లచొక్కా గంజితో ఫెళఫెళలాడుతోంది. షెడ్డులో ఒక్కరూ పలకరించలేదు, ఒక్కరూ తిట్టలేదు. పెద్దక్కకు వాణ్ణి చూడగానే ముందు కోపం రాలేదు. చిక్కిపోయాడే అనిపించింది. ఆ తర్వాతే వచ్చింది కోపం.

"తిన్నావా?" అంది.

"తిన్నానక్కా."

"అబద్ధం."

వాడు తలొంచుకున్నాడు. గొంతు తగ్గించి మొదలెట్టాడు. "పార్టీ విప్ ఇచ్చింది. కాదంటే నన్ను గెంటేసేవాళ్లు. గెంటేస్తే మీ కోసం లోపల మాట్లాడేవాడెవడు?"

"లోపలుండి ఏం మాట్లాడావురా?"

పెద్దక్క దుప్పటి దులిపింది. కొక్కెం గోడకు కొట్టుకుని టంగుమంది.

"నేనొక్కణ్ణీ చెయ్యెత్తకపోతే చట్టం ఆగేదా చెప్పు."

"ఆగేది కాదు."

"మరి?"

"నువ్వు మాకు మిగిలేవాడివి."

గంజి కళ్లు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు దెబ్బలు తిన్నా ఏడ్చేవాడు కాదు, కళ్లు ఇలాగే ఎర్రబడేవి. పెద్దక్కకు చేతిలో దుప్పటి పడేసి వాడి తల నిమరాలనిపించింది. నిమిరితే ఇక చెప్పాల్సింది చెప్పలేనని ఆవిడకు తెలుసు. అందుకే దుప్పటి కొసలు గట్టిగా పట్టుకుంది.

"నీ ఒక్కడి తప్పే అయితే చెంప పగలగొట్టి ఊరుకునేదాన్ని. మాదీ ఉంది. నెల నెలా చందా కట్టేసి, మనవాడున్నాడులే అని నిద్రపోయాం. ఏం చేస్తున్నావని యూనియన్ నిన్నొక్కసారి అడగలేదు. నేనూ అడగలేదు. వచ్చినప్పుడల్లా ఇంకాస్త వడ్డించనా అని మాత్రం అడిగా. యూనియన్ నీకు అక్క కాదురా. నేను అక్కని. రెండూ కలిపేసుకున్నాం మనం."

గంజి పెరట్లోకి వెళ్లాడు. షెడ్డంతా పని చేస్తున్నట్టు నటిస్తూ వాణ్ణే చూస్తోంది. తీగల మధ్య నిలబడి వాడు అటూ ఇటూ చూశాడు. గుడ్డలన్నీ ఆరిపోయాయి. బాయిలర్ వైపున ఒక్కటే ఇంకా తడిగా వేలాడుతోంది. దాని అంచున ఆవిడ కుట్టుకున్న ఎర్రదారం గుర్తు వాడికి తెలుసు. కింద మట్టిలో నీళ్లు మడుగు కట్టాయి. వాడు ఆ మడుగుకేసి చాలాసేపు చూశాడు. పిండని గుడ్డంటే ఏమిటో వాడికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో పెరిగినవాడే కదా.

పెద్దక్క దుప్పటి కొసలు వదలకుండా తలుపులోంచి చూసింది. ఇప్పుడు వాడు కారెక్కి వెళ్లిపోతే చాలు. గుడ్డ అక్కడే ఆరుతుంది, చందా సాగుతుంది, వాడి టికెట్ వాడికుంటుంది. ఆవిడ ఓటు వాడి వైపే ఉంది మరి.

గంజి గుడ్డను తీగ మీంచి తీశాడు. "ముట్టుకోకూడదురా!" అని బాయిలర్ మామ అరవబోతే ఇస్త్రీ వదిన ఆయన భుజం పట్టుకుని ఆపింది. గంజి చొక్కా చేతులు పైకి మడిచి గుడ్డను మెలి తిప్పాడు. మణికట్టుతో కాదు, భుజంతో. నీళ్లు జలజలా కారాయి, చొక్కా ముందంతా తడిసి గంజి కరిగి వంటికి అతుక్కుంది. చుక్క రాలకుండా పిండి, ఒక్క దులుపు దులిపి, తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

"ఇంకా తడిగానే ఉందక్కా," అన్నాడు. "మార్చుకోవచ్చు."

పెద్దక్క వాడి మొహంలోకి చూసింది. "టికెట్ రాదు మరి."

"తెలుసు."

ఆవిడ నడిచి వెళ్లి గోడ వైపు తీగ మీద గుడ్డ వేసింది, సరిచేసింది, అంచులు సమంగా ఉన్నాయో లేదో చూసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాయిలర్ మామ భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "వాడి చేత పిండించావు కదే తల్లీ," అని లోపలికెళ్లిపోయాడు. ఆ ఎండకు గుడ్డ ఆరడానికి ఎంతోసేపు పట్టలేదు. చందా ఆగింది.

తలుపు వైపు చూడకుండా పెద్దక్క బల్ల దగ్గరికొచ్చింది. కారు శబ్దం వినపడుతుందని ఎదురుచూస్తూ కుప్పలోంచి దుప్పటి తీసింది. అలవాటు ప్రకారం కొసలు కొక్కేనికి తగిలించడానికి వెళ్లింది. కొక్కేనికి తెల్లచొక్కా ఒకటి ఆరేసి ఉంది, తడి కారుతూ. దాని పక్కన బనీనుతో నిలబడి గంజి రెండు చేతులూ చాపాడు.

పెద్దక్క కొసలు వాడి చేతిలో పెట్టింది. ఇద్దరూ వెనక్కి నడిచారు, దులిపారు, దగ్గరికొచ్చారు. మొదటి మడత వంకరగా వచ్చింది.

"మళ్లీ," అంది పెద్దక్క.