చింతపండుతో తోమించుకున్న పాలరాయి

నేను ఒక పాలరాయిని. పుట్టింది రాజస్థాన్ గనిలో, మెట్టింది కాకినాడ వంటింట్లో. అక్కడ కొండని, ఇక్కడ వంటగట్టుని. రాతికీ ఓ రాత ఉంటుందని కోత మిషన్ కింద పడుకున్నప్పుడే తెలిసింది. పేరులో పాలున్నాయి కదా, ఆ గుణమూ వచ్చింది. పులుపు తగిలితే విరుగుతాను. ముక్కలుగా కాదు లెండి, మనసే. నునుపు పోయి మొహం వెలవెలబోతుంది.

ఇంటావిడ హైమవతిగారు నన్ను ఏరి కోరి తెచ్చుకున్నారు. ఎనిమిదేళ్లు చంటిపిల్లలా చూశారు. వేడి గిన్నె కింద గుడ్డ, పసుపు డబ్బా కింద పళ్లెం. నిమ్మకాయ పిండాలంటే ఆమె భర్త సర్వారాయుడుగారు గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాల్సిందే. పేరులో రాయుడున్నా ఆ ఇంట్లో పైచేయి రాయిదే.

పదకొండేళ్లుగా అక్కడ పనిచేస్తున్న నూకరత్నానికి నేనంటే భయం, ఇత్తడంటే ప్రాణం. దేవుడి సామాను చింతపండుతో తోమిందంటే కుందిలో మన ముక్కుపుడక కనబడాలి.

ఓసారి హైమవతిగారు పెళ్లికని రెండు రోజులు తణుకు వెళ్లారు. ఇత్తడిని మెరిపించింది రాయిని మెరిపించదా అని, ఆవిడ వచ్చేసరికి నన్ను తళతళలాడించాలని నూకరత్నానికి బుద్ధి పుట్టింది. గుప్పెడు చింతపండు నానేసి, కొబ్బరి పీచు పట్టి, బిందెను తోమినట్టు తోమింది. చేటంత మేర నా మెరుపు పోయి మబ్బు పట్టింది. మబ్బు పోవట్లేదని ఇంకాస్త పులుసు పోసింది పాపం.

తిరిగొచ్చిన హైమవతిగారు నన్ను చూసి ఏమీ అనలేదు. ఆవిడ తిడితే భయం లేదు. లోగడ ఇద్దరు వంటవాళ్లను ఇలా ఏమీ అనకుండానే పంపేశారు.

"నన్ను మానెయ్యమంటారాండి?" అంది నూకరత్నం, కొంగు వేలికి చుట్టుకుంటూ.

"ముందు మేస్త్రిని రానీ."

పాలిష్ మేస్త్రి తాతబ్బాయి వచ్చి వేలితో రాసి చూశాడు. "ఇది మరక కాదండి, పులుపు రాయినే తినేసింది. ఇక్కడొక్కచోటే మెరిపిత్తే మాసికేసినట్టుంటాదండి. గట్టంతా మెరిపిత్తే మళ్లీ మీరు కాపలా కాయాలి. లేదంటే అంతా మెరుపు దించేద్దారి. అప్పుడు ఎవరేం ఒలకబోసినా పెద్దగా తెలవదండి, ఆయ్."

"దించెయ్యవయ్యా," అన్నారు సర్వారాయుడుగారు గుమ్మంలోంచి.

"మిమ్మల్నెవరడిగారు?"

ఆవిడ నా మీదికి వంగి తన మొహం చూసుకున్నారు. పక్కనే నూకరత్నం మొహం కూడా కనబడింది, ఇంకా బిక్కచచ్చి.

"దించెయ్," అన్నారు.

సాయంత్రానికి వంటిల్లంతా తెల్లటి రాతిబురద. రేపటి సంగతి అడగలేక నూకరత్నం చెప్పులు వేసుకుంది. "ఎల్లొత్తానండి."

"ఎక్కడికే వెళ్లొచ్చేది? ఈ బురదంతా ఎవరు కడుగుతారు, నీ చింతపండా? రేపు పెందలాడే రా. స్టౌ కింద ఇంకా ఉంటుంది."

నూకరత్నం చెప్పులు విప్పేసింది. ఇద్దరూ చెరో గుడ్డ పట్టి చెరో కొస నుంచి నన్ను తుడవడం మొదలుపెట్టారు. నడిమికి వచ్చేసరికి తణుకు పెళ్లిలో వడ్డించిన పనసకాయ కూర గురించి మాట్లాడుకుంటున్నారు.

ఇప్పుడు నాలో ఎవరి మొహమూ కనబడదు. అందుకని నన్నెవరూ చూసుకోరు, నా మీద వండుకుంటారు. నూకరత్నం ఉద్యోగం నిలిచింది. నాకు మాత్రం అద్దం ఉద్యోగం పోయి, ఎనిమిదేళ్లకి గట్టు ఉద్యోగం దొరికింది.